పాత లింకు తెగకుండా కొత్త ఫోటో: శాసనాల సైటులో 1,840 చిత్రాల మార్పిడి

మా సైటులో 1,840 ఫోటోలు ఉన్నాయి. వాటిలో 1,126 శాసనాల రాళ్లవి, మిగిలిన 714 గుళ్లవి, మండపాలవి, వీరగల్లులవి (పోరులో చనిపోయిన వీరుల స్మారక శిలలు). 2012 నుంచి పోగైనవి. వీటిని మార్చక తప్పని కారణాలు మూడు. ఒక్కో ఫోటో సగటున 4.6 ఎంబీ ఉంది. రాయి పక్కనే నిలబడి ఫోనులో చూద్దామనుకునే వారికి పేజీ తెరుచుకోవడం లేదు. రెండోది, చాలా ఫోటోల లోపల జీపీఎస్ గుర్తులు అలాగే ఉండిపోయాయి. గుప్తనిధుల కోసం రాళ్లు పెకలించేవాళ్లకు, ఊరికి దూరంగా కాపలా లేని శాసనానికి దారి మేమే చెప్పినట్టవుతుంది. మూడోది, 212 రాళ్లను సాయంత్రపు ఏటవాలు వెలుతురులో మళ్లీ తీశాం. మధ్యాహ్నం ఎండలో తీసిన పాత ఫోటోల్లో కనబడని అక్షరాలు వీటిలో చదవవచ్చు.

మారకూడనిది చిరునామా. మా ఫోటోల లింకులు పరిశోధన వ్యాసాల పాదసూచికల్లో ఉన్నాయి. తెలుగు వికీపీడియా వ్యాసాల మూలాల్లో ఉన్నాయి. రెండు ప్రదర్శనల కోసం వేయించిన ఫ్లెక్సీల మీద క్యూఆర్ కోడ్‌లుగా ఉన్నాయి. అచ్చయిపోయిన లింకును ఇక దిద్దే దారి లేదు.

సరంజామా: అద్దె సర్వరు ఒకటి, దాని మీద ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం), ఎన్‌జిన్‌ఎక్స్ (అడిగినవారికి పేజీలు పంపే సాఫ్ట్‌వేర్), వర్డ్‌ప్రెస్ (సైటును నడిపే సాఫ్ట్‌వేర్). దాని ముందు ఒక సీడీఎన్, అంటే ఫైళ్ల నకళ్లు దాచుకుని చూసేవారికి పంచే మధ్య సర్వర్ల ఏర్పాటు. పనికి వాడినవి ఇమేజ్‌మ్యాజిక్ (ఫోటోలు మార్చడానికి), ఎగ్జిఫ్‌టూల్ (ఫోటో లోపలి సమాచారం దిద్దడానికి), ఆర్‌సింక్ (ఫైళ్లు పంపడానికి), కర్ల్ (చిరునామాను అడిగి చూడడానికి). పట్టికల కోసం మామూలు స్ప్రెడ్‌షీటు.

దశ 1: ముందు లెక్క

ఏది ముట్టుకోకముందే చిరునామాల జాబితా తయారు చేశాను. ఇలా:

1. సర్వరు డిస్కులో ఉన్న చిత్రాల ఫైళ్లన్నీ రాసుకోవాలి.
2. సర్వరు లాగ్‌లో గత 90 రోజుల్లో ఎవరైనా అడిగిన చిత్రాల చిరునామాలన్నీ తీయాలి. డిస్కులో లేనివి కూడా.
3. డేటాబేసులోని పేజీల్లో రాసి ఉన్న చిత్రాల చిరునామాలు తీయాలి.
4. మూడింటినీ కలిపి, రెండుసార్లు వచ్చినవి తీసేసి, ఒక్కొక్కటీ కర్ల్‌తో అడిగి చూడాలి.
5. వచ్చిన జవాబు సంఖ్య, బైట్లు, వెడల్పు, ఎత్తు, ఫైలు చెక్‌సమ్ (లోపలి బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) పట్టికలో వేయాలి.

రెండో అడుగు వదిలేయకండి. డిస్కులో లేని ఫైలును ఎవరో అడుగుతున్నారంటే ఎక్కడో ఒక లింకు ఇప్పటికే తెగి ఉంది. ఆ సంగతి ముందే తెలియకపోతే పని అయ్యాక అది మన చేతుల్లోనే తెగిందనుకుని రోజులకు రోజులు వెతుకుతాం.

లెక్క: ప్రతి ఫోటోకు వర్డ్‌ప్రెస్ తయారుచేసే చిన్న సైజు నకళ్లతో కలిపి మొత్తం చిరునామాలు 9,614. సరిగ్గా వచ్చినవి 9,553. 404, అంటే ఆ ఫైలు లేదన్న జవాబు, వచ్చినవి 61. అసలు ఫోటోల బరువు 8.4 జీబీ.

దశ 2: వర్డ్‌ప్రెస్ మీడియా లైబ్రరీ ద్వారా (విఫలం)

అందరికీ మొదట తట్టే దారి ఇదే కాబట్టి 12 ఫోటోలతో చూశాను. అదే పేరుతో కొత్త ఫైలు ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ పాతదాని మీద రాయదు. పేరు చివర గీత పెట్టి 1 చేరుస్తుంది. సరే, పాతది తొలగించి ఎక్కిద్దామంటే కొత్తది ఈ నెల ఫోల్డరులోకి వెళ్తుంది. ఎప్పటిదో పాత నెల ఫోల్డరులో ఉండాల్సిన ఫోటో ఈ ఏడాది ఫోల్డరులో తేలింది. పైగా తొలగించినప్పుడు దాని చిన్న సైజు నకళ్లూ పోయాయి. ఒక్క ఫోటోకు ఆరేడు చిరునామాలు ఒకేసారి చచ్చాయి.

12 ఫోటోలనూ బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చాను. ఆ రోజే నిర్ణయం మారింది: వర్డ్‌ప్రెస్‌కు తెలియకుండా, డిస్కు మీద, ఉన్నచోటే, ఉన్న పేరుతోనే ఫైలు మారాలి.

దశ 3: కుదింపు

40 ఫోటోల నకళ్లు వేరే ఫోల్డరులో పెట్టుకుని మొదలుపెట్టాను. నకళ్లు అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇమేజ్‌మ్యాజిక్‌లో మోగ్రిఫై ఆదేశం మామూలుగా అసలు ఫైలు మీదే రాసేస్తుంది.

మొదటి విడతలో ఫోటో లోపలి అదనపు సమాచారమంతా ఒక్క దెబ్బకు తీసేశాను. జీపీఎస్ పోయింది, దాంతోపాటు పోకూడనివీ పోయాయి. తొమ్మిది ఫోటోలు పక్కకు ఒరిగిపోయాయి. కెమెరాను నిలువుగా పట్టుకుని తీసినా, ఫైలులో ఫోటో అడ్డంగానే నిల్వ అవుతుంది. ఎటు తిప్పి చూపాలో చెప్పే గుర్తు వేరే ఉంటుంది. ఆ గుర్తు పోతే నిలువు స్తంభం పడుకుంటుంది. మరో మూడింట్లో ఎర్ర ఇసుకరాయి బూడిద రంగుకు తిరిగింది. అవి అడోబీ ఆర్‌జీబీ రంగుల పరిధిలో తీసినవి. ఆ సమాచారం లేకపోవడంతో బ్రౌజరు వాటిని మామూలు ఎస్‌ఆర్‌జీబీ అనుకుంది.

నాకు పెద్ద నష్టంగా అనిపించింది మాత్రం మూడోది: తేదీ. శాసనం ఫోటోకు తీసిన తేదీ కూడా ఆధారమే. 2013లో అక్షరం నిలిచి ఉందని, తర్వాత సున్నం పూతలో కలిసిపోయిందని చెప్పగలిగేది ఆ తేదీతోనే. అందుకని మొత్తం చెరిపే పద్ధతి మానేశాను. కుదిరిన వరుస ఇది:

1. తిప్పే గుర్తు ప్రకారం ఫోటోను నిజంగానే తిప్పాలి.
2. రంగులను ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చాలి.
3. ఆ తర్వాతే సైజు తగ్గించాలి.
4. చివర ఎగ్జిఫ్‌టూల్‌తో జీపీఎస్ గుర్తులను మాత్రమే తీసేయాలి. తేదీ, కెమెరా, తీసినవారి పేరు ఉండాలి.
5. జీపీఎస్‌తో ఉన్న అసలు ఫోటోలను నెట్‌కు తగలని రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచాలి. ఆ రాయి ఎక్కడుందో రేపు మనకే కావాలి.

నాణ్యత అంకె (తగ్గేకొద్దీ ఫైలు తేలికై, వివరం పోతుంది) ఎంత ఉండాలన్న దానిమీద నాలుగు రోజులు పట్టింది. మొదట అన్నింటికీ 75 ఇచ్చాను. గుడి గోపురాలకు తేడా తెలియలేదు. శాసనాల దగ్గర తెలిసింది. ఒక రాయి మీద ఏడో పంక్తిలో ఒక సున్న ఉంది. అరిగిపోయి, సన్నని వలయంగా మిగిలిన సున్న. అసలు ఫోటోను పెద్దది చేసి చూస్తే వలయం లోపలి మచ్చ, చుట్టూ ఉలి గాటు వేర్వేరుగా కనిపిస్తాయి. 75 దగ్గర రెండూ కలిసి రాతి గరుకులో ఒక చుక్కయ్యాయి. చదివేవారు దాన్ని పెచ్చు ఊడిన చోటు అనుకుని వదిలేస్తారు, పదం మారిపోతుంది. 82 దగ్గర వలయం సగం తిరిగి వచ్చింది. 88 దగ్గర అసలుకూ దీనికీ నా కంటికి తేడా లేదు.

ఖాయం చేసినవి: శాసనాలకు పొడవు వైపు 3,000 పిక్సెళ్లు, నాణ్యత 88. మిగిలినవాటికి 2,000 పిక్సెళ్లు, నాణ్యత 80. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మారకూడదు. పాత పేజీల్లో ఆ కొలతలు రాసి ఉంటాయి, నిష్పత్తి తప్పితే రాయి సాగినట్టు కనిపిస్తుంది.

లెక్క: శాసనాలు సగటున 1.3 ఎంబీ, మిగిలినవి 0.6 ఎంబీ. మొత్తం 8.4 జీబీ నుంచి 1.9 జీబీకి. సర్వరు మీద ఇంకా ఏదీ మారలేదు.

దశ 4: వెబ్‌పీ (సగం వెనక్కి)

వెబ్‌పీ అనే చిత్రాల ఫైలు రకమైతే ఇంకా తేలిక. చిరునామా చివర జేపీజీ అనే ఉంచి, ఏ బ్రౌజరు వెబ్‌పీ తీసుకుంటుందో చూసి దానికి వెబ్‌పీ పంపే ఏర్పాటు ఎన్‌జిన్‌ఎక్స్‌లో చేయవచ్చు. చేశాను, బ్రౌజర్లలో బాగానే నడిచింది. వారం తర్వాత ఒక డీటీపీ కేంద్రం నుంచి ఫోను: సావనీరు కోసం దించుకున్న ఫోటో తెరుచుకోవడం లేదని. పేరు చూస్తే జేపీజీ, లోపల ఉన్నది వెబ్‌పీ. వాళ్ల పాత పేజీల కూర్పు సాఫ్ట్‌వేర్‌కు అది అర్థం కాదు. మన ఫోటోలు అచ్చుకు వెళ్లేది ఇలాంటి చిన్న కేంద్రాల నుంచే.

పెద్ద ఫోటోలకు వెబ్‌పీ తీసేశాను. పేజీల్లో కనిపించే చిన్న సైజులకు మాత్రం ఉంచాను. ఒకే చిరునామాకు రెండు రకాల జవాబులు ఇచ్చేటప్పుడు, జవాబుతో పాటు వెళ్లే వివరాల్లో (హెడర్లలో) వేరీ అనే వరుసలో యాక్సెప్ట్ అని రాయాలి. మీ సీడీఎన్ దాన్ని పట్టించుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి. లేకపోతే ఒకరికి దాచిన వెబ్‌పీని అది అందరికీ పంచుతుంది.

దశ 5: పేర్లు, ఐత్వం

ఆ 61 తెగిన లింకుల సంగతి. వాటిలో 11 తేలిగ్గా దొరికాయి: ఫైలు పేరు చివర జేపీజీ పెద్దక్షరాల్లో, లింకులో చిన్నక్షరాల్లో. లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఒక పట్టిక రాసి, 301తో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే జవాబుతో) సరైన పేరుకు పంపాను.

తర్వాతి 37 నన్ను ఆరు రోజులు తిప్పాయి. 2012–14 మధ్య, వర్డ్‌ప్రెస్‌కు మారకముందు, తెలుగు పేర్లతో చేత్తో పెట్టిన ఫోల్డర్లలోవి ఇవి. శ్రీశైలం, భైరవకోన, చైతన్యపురి. ఫైలు ఎదురుగా ఉంది. జాబితాలో పేరు కనిపిస్తోంది. లింకులోనూ అదే పేరు. అడిగితే 404. పక్కపక్కన పెట్టి చూసినా అక్షరం తేడా లేదు. అదే ఫోల్డరులో లేపాక్షి, అమరావతి చక్కగా వస్తున్నాయి.

పేర్లను బైట్లుగా విడదీసి చూశాక తెలిసింది. లింకులో శ్రీశైలం 24 బైట్లు, డిస్కులో 27. తేడా అంతా ఐత్వం దగ్గరే. యూనికోడ్‌లో, అంటే కంప్యూటరు కోసం ప్రతి అక్షరానికీ సంకేతమిచ్చే ప్రమాణంలో, ఐత్వానికి ఒక సంకేతం ఉంది, 0సీ48. అదే ఐత్వాన్ని ఎత్వం 0సీ46, కింద వచ్చే గుర్తు 0సీ56 అనే రెండు ముక్కలుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ప్రమాణం ప్రకారం రెండూ సమానమే, కాని లినక్స్ డిస్కు పేర్లను బైట్లుగానే పోలుస్తుంది. ఆ ఫోటోలు మొదట ఒక పాత మ్యాక్ కంప్యూటరులో ఉండేవి. దాని డిస్కు పద్ధతి, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, ఫైలు పేర్లలోని ఇలాంటి అక్షరాలను విడదీసి దాస్తుంది. తెలుగులో ఇలా విడిపోయే అక్షరం ఐత్వం ఒక్కటే. అందుకే శ్రీశైలం తెగింది, లేపాక్షి బతికింది. తెలుగు పేర్లతో ఫైళ్లు పెట్టే ప్రతి ఒక్కరూ ఈ సంగతి తెలుసుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను. ఇది ఒక్కచోట రాసి ఉన్నా నాకు ఆరు రోజులు మిగిలేవి.

చేసినది:

1. కన్వ్‌ఎంవీ అనే పనిముట్టుతో పేర్లన్నీ కలిపి రాసే రూపానికి, అంటే ఎన్‌ఎఫ్‌సీకి, మార్చాను. అది మొదట ఏమేమి మారతాయో చూపిస్తుంది, విడిగా చెబితేనే మారుస్తుంది.
2. విడదీసిన రూపంతో ఉన్న పాత పేరును తీసేయకుండా, కొత్త పేరుకు చూపే సింబాలిక్ లింకుగా ఉంచాను. ఆ రూపంతో ఎవరైనా లింకు ఇచ్చి ఉండవచ్చు.
3. ఇకమీదట ఫైళ్ల పేర్లు ఆంగ్ల చిన్నక్షరాలు, అంకెలు, గీతలతోనే. తెలుగు పేరు పేజీలో, ఫోటో కింద ఉంటుంది. ఇది రాస్తుంటే మనసు నొచ్చుకుంది, కాని లింకు నిలవడం ముఖ్యం.

మిగిలినవాటిలో నాలుగు కంటికి కనిపించని అక్షరం వల్ల తెగాయి. హైదరాబాద్ అని పొల్లుతో ముగిసే పేరు తర్వాత, కొన్ని టైపింగ్ పద్ధతులు సున్నా వెడల్పు గల విడదీసే గుర్తును చేరుస్తాయి. ఫైలులో ఉంది, లింకులో లేదు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీయదు, చేత్తో తీయాలి.

లెక్క: 61లో 11, 37, 4 కలిపి 52 బాగయ్యాయి. 404 మిగిలినవి 9.

దశ 6: సర్వరు మీద మార్పిడి

మొదటి 200 ఫోటోలను ఎఫ్‌టీపీతో నేరుగా పాతవాటి మీదికి ఎక్కించాను. తప్పు. ఫైలు ఎక్కుతున్న ఆ కొన్ని క్షణాల్లో ఎవరైనా అడిగితే సగం ఫోటోయే వెళ్తుంది. ఒక వీరగల్లు ఫోటోను సరిగ్గా అప్పుడే సీడీఎన్ తీసుకుంది. పైన వీరుడి తల, చేతిలో కత్తి ఉన్నాయి, నడుము కింద అంతా బూడిద రంగు పలక. దాన్ని సీడీఎన్ భద్రంగా దాచుకుని రెండు రోజులు అందరికీ చూపింది. జవాబు సంఖ్య మాత్రం 200, అంటే అంతా సరిగ్గా ఉందనే. అప్పటి నుంచి నా తనిఖీలో జవాబు సంఖ్యతో పాటు చిత్రాన్ని చివరి పిక్సెల్ వరకు విప్పి చూసే మెట్టు చేర్చాను.

మార్చిన పద్ధతి:

1. కొత్త ఫైళ్లను అదే డిస్కు మీద పక్క ఫోల్డరులోకి ఎక్కించాలి.
2. అక్కడే ప్రతి ఫైలునూ విప్పి, చెక్‌సమ్ సరిచూడాలి.
3. ఫైలు అనుమతులు 644 (అందరూ చదవగలిగేవి) ఉన్నాయో లేదో చూడాలి. ఒక విడతలో 600గా (యజమాని మాత్రమే చదవగలిగేవిగా) ఉండిపోయి 200 ఫోటోలకు 403, అంటే అనుమతి లేదన్న జవాబు, వచ్చింది.
4. తర్వాత ఎంవీ ఆదేశంతో పాత పేరు మీదికి జరపాలి. ఒకే డిస్కు మీద ఇది పేరు మార్పే కాబట్టి అడిగినవారికి పాత ఫోటో పూర్తిగానో, కొత్తది పూర్తిగానో అందుతుంది. మధ్యస్థితి ఉండదు.
5. ఆ చిరునామాలను సీడీఎన్ నుంచి తుడిపించాలి.
6. తనిఖీ అయ్యాకే తర్వాతి 200.

ఆర్‌సింక్ కూడా మామూలుగా తాత్కాలిక పేరుతో రాసి చివర పేరు మారుస్తుంది. ఇన్‌ప్లేస్ అనే ఆప్షన్ మాత్రం వాడకండి.

ఇంకో చిక్కు, బ్రౌజర్ల జ్ఞాపకం. చిత్రాలను 31,536,000 సెకన్లు, అంటే ఏడాది దాచుకోమని ఎప్పుడో మేమే రాసి పెట్టాం. ఒకసారి చూసినవారికి ఏడాది వరకు పాతదే కనిపిస్తుంది. వాళ్ల బ్రౌజరు అసలు మమ్మల్ని అడగదు కాబట్టి ఇటు నుంచి చేయగలిగింది లేదు. మా పేజీల్లో మాత్రం చిత్రం చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి కూర్పు సంఖ్య చేర్చాను. అసలు చిరునామా అలాగే పనిచేస్తుంది. గడువును ఏడు రోజులకు తగ్గించాను. మీరు ఈ పని చేయబోతుంటే గడువు తగ్గించడం మొదటి రోజే చేయండి.

లెక్క: మార్చినవి 1,840. 404లు 9.

దశ 7: చిన్న సైజులు

పెద్ద ఫోటోలు మారాయి కాబట్టి చిన్న నకళ్లూ మళ్లీ తయారు చేయాలి. వర్డ్‌ప్రెస్ ఆదేశ పనిముట్టులో మీడియా రీజెనరేట్ నడిపాను. 40 నిమిషాలు పట్టింది. తనిఖీ నడిపితే 404లు 1,221!

ఆ ఆదేశం పాత నకళ్లను తొలగించి, ఇప్పటి థీమ్‌కు (సైటు రూపానికి) కావాల్సిన సైజులే తయారు చేస్తుంది. పాత థీమ్ వాడిన సైజులు, బయటివాళ్లు లింకు ఇచ్చుకున్నవి, 1,212 ఒక్కసారిగా పోయాయి. దీనికి స్కిప్-డిలీట్ అనే ఆప్షన్ ఉంది. బయట నుంచి లింకులు ఉంటే అది వాడమని సహాయపు పేజీలోనే రాసి ఉంది. నేను చదవలేదు. బ్యాకప్ నుంచి 1,212 నకళ్లూ తిరిగి పెట్టాను, జీపీఎస్ లేకుండా చూసుకుని.

లెక్క: 404లు మళ్లీ 9.

దశ 8: ఏటవాలు వెలుతురు ఫోటోలు

అప్పటిదాకా చేసింది అవే ఫోటోల తేలిక రూపం. ఈ 212 వేరే ఫోటోలు. రాయి అదే కదా, మెరుగైనది కదా అనుకుని 30 ఫోటోలను పాత చిరునామాల్లోనే పెట్టాను. సాంకేతికంగా ఒక్క లోపం లేదు.

పదో రోజు ఒక పరిశోధక విద్యార్థిని ఫోను చేసింది. "మాస్టారూ, నాలుగో పంక్తి చివర పగులు ఉందని, అందుకే ఆ పదం పూర్తిగా చదవలేమని నా వ్యాసంలో రాసి మీ ఫోటో లింకు ఇచ్చాను. ఇప్పుడు తెరిస్తే పగులు కనిపించడం లేదు. నేను లేనిది రాశాననుకుంటున్నారు."

రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తదాంట్లో వెలుతురు ఎడమ నుంచి పడింది. అక్షరాలు చక్కగా తేలాయి, కుడి అంచు నీడలోకి వెళ్లింది. పగులు ఆ నీడలో ఉంది. ఆమె రాసింది అక్షరాలా నిజం. ఆమె ఆధారాన్ని నేను మార్చేశాను. లింకు తెగలేదు, తెగి ఉంటే కనీసం చదివేవారికి అది తెలిసేది. ఇది చప్పుడు లేకుండా వేరే మాట చెబుతోంది. ఈ మొత్తం పనిలో నేను చేసిన పెద్ద తప్పు ఇదేనని ఒప్పుకుంటున్నాను.

అదే సాయంత్రం 30 పాత ఫోటోలనూ వాటి చోట్లలో పెట్టాను. ఇప్పుడు పాటిస్తున్న నియమం:

1. అదే ఫోటో బరువు తగ్గినా, తిప్పినా, రంగు సరిచేసినా, జీపీఎస్ తీసినా పాత చిరునామాలోనే.
2. మళ్లీ తీసిన ఫోటో ఎంత మెరుగైనా కొత్త చిరునామాలో.
3. రాయి పేజీలో రెండూ పక్కపక్కన, తీసిన తేదీలతో, వెలుతురు ఎటునుంచి పడిందో రాసి.
4. ఏ ఫైలు ఎప్పుడు, ఎందుకు మారిందో అందరికీ కనిపించే పట్టికలో ఒక వరుస.

వికీమీడియా కామన్స్‌లో చాలా కాలంగా నడుస్తున్న పద్ధతీ ఇదే. చిన్న సవరణలైతే అదే ఫైలు పేరు మీద కొత్త కూర్పు, పాతవి చరిత్రలో ఉంటాయి. చెప్పుకోదగ్గ తేడా ఉంటే వేరే ఫైలు. అక్కడ ఫోటోలు పెడుతూ కూడా నా సైటు విషయంలో ఇది నాకు తట్టలేదు.

లెక్క: మొత్తం ఫోటోలు 1,840కి 212 కలిపి 2,052. బరువు సుమారు 2.2 జీబీ. పాత చిరునామాలు 9,614లో 404లు 9.

దశ 9: మిగిలిన తొమ్మిది

ఆరు చిరునామాలు వ్యాసాల్లో టైపు చేసేటప్పుడు ఒక అక్షరం తప్పిపోయినవి. ఏ ఫోటో అనుకున్నారో వ్యాసం చదివితే తెలుస్తుంది. 301తో సరైనచోటికి పంపాను. మూడు ఫోటోలు మా దగ్గర నిజంగానే లేవు. ఖాళీ బొమ్మ ఒకటి పెట్టి 200 వచ్చేలా చేయవచ్చు, ఆ పని చేయలేదు. లేనిదాన్ని లేదనే చెప్పాలి.

నిన్న పాత సీడీల పెట్టెలో ఆ మూడింటిలో ఒకటి దొరికింది. 2012లో అప్పటి సైటు కోసం చేసిన నకలు, 640 పిక్సెళ్లు, 58 కేబీ. పెద్దది ఇక దొరకదు. ఆ రాయి ఇప్పుడు సిమెంటు అరుగు కింద ఉంది. ఉన్నది ఉన్నట్టుగా, పెంచకుండా, దిద్దకుండా దాని పాత చిరునామాలో పెట్టి తనిఖీ నడిపాను. 200 వచ్చింది. 404లు 2.